భాగ్యం చెప్పిన ఇరుంబయ్య కథ

పుదుచ్చేరిలోని ఉప్పళం పేటలో భాగ్యం అక్క గొంతు వినపడిందంటే ఎవరో ఒకరు పోయారని అర్థం. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు, ఆవిడ చేసే పనే అది. ఆవిడ తమ్ముడు వరదరాజులు కేబుల్ టీవీ నడిపేవాడు. పెద్ద ఛానెళ్లతో పాటు అతనికి సొంత ఛానెల్ ఒకటి ఉండేది. అందులో పొద్దంతా పాత సినిమాలు, చీరల కొట్ల ప్రకటనలు వచ్చేవి. సాయంత్రం ఆరింటికి మాత్రం భాగ్యం అక్క మైకు ముందు కూర్చుని మరణవార్తలు చదివేది. ఫలానా వీధి, ఫలానావారి తండ్రిగారు శివలోకం చేరుకున్నారు, రేపు పొద్దున ఇంటి నుంచి తీసుకెళ్తారు, దండలు తెచ్చేవాళ్లు ముందుగా రండి. గొంతులో కాస్త వణుకు, చివర్లో ఒక నిట్టూర్పు. పోయినవాడు ఎంత పనికిమాలినవాడైనా ఆ నిట్టూర్పులో మాత్రం కోత ఉండేది కాదు.

దాంతో ఆవిడ గొంతంటేనే జనానికి హడల్. పాల బూత్ దగ్గర వెనక నిలబడి "అరలీటరు ఇయ్యప్పా" అంటే ముందున్న ముసలాయన గుండె పట్టుకునేవాడు. ఎవరింటికైనా ఫోన్ చేస్తే అవతలివాళ్లు హలో అనేవాళ్లు కాదు, నేరుగా "ఎవరు పోయారు?" అని అడిగేవాళ్లు. నిజానికి మనిషికి ఏ లోటూ లేదు. భర్త బట్టల మిల్లులో పనిచేసేవాడు, ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. ఆయన వాటా మాటలు కూడా భాగ్యం అక్కే వాడేసుకునేది. మెడలో తాళి, నుదుట రూపాయంత బొట్టు, తలనిండా కనకాంబరాలు. అయినా పెళ్లికీ సీమంతానికీ ఆవిడను పిలిచేవాళ్లు కారు. చావు గొంతు శుభకార్యంలో వినపడకూడదట. తమవాడు పోయినప్పుడు మాత్రం అదే గొంతు కావాలి, అదీ కాస్త బాగా వణికించి చదవమని సిఫార్సు ఒకటి. ఇలాంటి జనాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నేను యానాం మనిషిని. పేరు నాగకుమారి. రెండువేల మూడులో బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి వరదరాజులు మేడమీది వాటాలో అద్దెకు దిగాం. మా వంటింటి గోడకు ఆనుకునే అతని కేబుల్ గది. డాబా మీద రేకుల గది, నిండా తీగలు, మధ్యలో ఒక టీవీ, ఒక క్యాసెట్ ప్లేయరు, ఒక మైకు. కింది వాటాలో అక్కాతమ్ముళ్లు ఉండేవాళ్లు. వాళ్లది తరాల నుంచి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం ఒక్కటి రాదు. మా తెలుగు విని భాగ్యం అక్క మొదటి రోజే, "ఏంది మీరు, సినిమాలో కోర్టు సీను మాదిరి మాట్లాడతా ఉండారు" అంది. నాకు ఆవిడ అప్పుడే నచ్చింది.

ఎవరు పిలిచినా పిలవకపోయినా ఆవిడ పట్టించుకునేది కాదు. ఒక్కచోట మాత్రం దెబ్బ గట్టిగానే తగిలింది. ఆ వీధిలో రెండో తెలుగిల్లు మీనాంబాళ్‌ది, మా పక్కిల్లే. ఆమె కూతురు సుగంధి. ఆ పిల్ల చిన్నప్పుడు కథ చెప్పకపోతే ముద్ద మింగేది కాదట. మీనాంబాళ్‌కు అంత ఓపిక లేదు. కంచం పట్టుకొచ్చి భాగ్యం అక్క ఒళ్లో పడేసి వెళ్లేది. అలా అన్నం తిన్నన్నాళ్లూ ఆ పిల్ల భాగ్యం అక్క చేతే తిన్నది, ఆవిడ కథలు వింటూనే పెరిగింది.

ఆ సుగంధి పెళ్లి తమిళుల వైకాసి నెలలో, వేసవి చివర్లో కుదిరింది. మీనాంబాళ్ పళ్లెంలో పసుపు కుంకుమ, పత్రిక పెట్టుకుని వచ్చింది. పళ్లెం ఇచ్చాక కొంగు నలుపుతూ నిలబడింది.

"అక్కా, నువ్వు తప్పుగా ఎంచొద్దు. ముగూర్తం అయిపోయినాక సాపాటుకి రా. పిల్లోడి తట్టు పెద్దోళ్లు ఏమన్నా అనుకుంటారు."

"సరిలే మీనా," అంది భాగ్యం అక్క. "ఆ పొద్దు నాకు ఎటూ రెండు చావులుండాయి."

రాబోయే వారం ఎవరు పోతారో ఈవిడకు ముందే ఎలా తెలిసిందని మీనాంబాళ్ ఆ రాత్రి నిద్రపోయి ఉండదు. నాకైతే ఆ ఆలోచనే కాస్త ఓదార్పు.

పెళ్లి రోజు మా వీధి వీధంతా మండపానికి వెళ్లింది. వీడియో తీయడానికి వరదరాజులూ వెళ్లాడు, ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ కెమెరా అతనిదే. నేను దిగి వెళ్తుంటే భాగ్యం అక్క పట్టుచీర కట్టుకుని వంటింట్లో కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పట్టుచీర ఎందుకక్కా అని అడిగితే, "పెట్లో మడత మీద చీకిపోతా ఉండాది, అందుకే" అంది. నేను ఇక పెళ్లికి వెళ్లబుద్ధి కాక పక్కనే కూర్చున్నాను. గింజలు తీస్తూనే ఆవిడ అంది.

"ఆ బిడ్డ ఒక్కసారి వచ్చి నా ముందర కూర్చుంటే చాలు నాగూ. మొగుణ్ని తేవద్దు, పూలూ పండ్లూ వద్దు. ఊరికే వచ్చి కూర్చుంటే చాలు."

సుగంధి రాలేదు. పెళ్లైన మూడోనాడు అత్తవారింటికి మూలకుళం వెళ్లిపోయింది. మూలకుళం ఎంత దూరం, స్కూటరు మీద పోతే తల కూడా చెదరదు. అయినా తల్లి రానివ్వలేదు.

ఇక క్యాసెట్ల సంగతి. పక్క వీధిలో ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను తీసుకునే తాత ఒకాయన ఉండేవాడు. ఇల్లు ఖాళీ చేస్తూ, పారిస్ నుంచి సెలవులకు వచ్చిన మనవలు వదిలేసిపోయిన వీడియో క్యాసెట్ల మూట ఒకటి వరదరాజులు చేతిలో పెట్టాడు. అతను దాన్ని కేబుల్ గదిలో ఒక మూలకు తన్నాడు. పెళ్లి క్యాసెట్లు, సినిమా క్యాసెట్లు, ఖాళీ క్యాసెట్లు, చీపురు, ఎలుకల బోను అన్నీ ఉండేది ఆ మూలే.

ఆ తర్వాతి నెల ఆనిలో ఏదో గొడవ వచ్చి పెద్ద ఛానెళ్లన్నీ ఒక సాయంత్రం ఆగిపోయాయి. ఉప్పళం మొత్తం ఫోన్ చేసి వరదరాజులును తిట్టడం మొదలుపెట్టింది. అతను చేతికందిన క్యాసెట్ ప్లేయర్లో తోశాడు. తీరా చూస్తే అది తాత మూటలోది. జపాన్ వాళ్లు ఎప్పుడో పాతికేళ్ల కిందట గీసిన బొమ్మల సీరియల్, మాటలేమో ఫ్రెంచిలో. పైగా ఫ్రాన్సు క్యాసెట్ మన ప్లేయర్లో బొమ్మ చూపిస్తుంది గానీ రంగు చూపించదు. అంతా నలుపూ తెలుపే.

అప్పుడే మరణవార్తలు చదవడం ముగించిన భాగ్యం అక్క కుర్చీలోంచి లేవకుండా టీవీ వైపు తిరిగింది. ఇసుకలో కూరుకుపోయిన మేడలు. వాటి మధ్య ఒక పిల్ల ఒంటరిగా నడుస్తోంది.

"ఏందిది, ఈ బిడ్డ ఒక్కతే యాడికి పోతా ఉండాది? కాలికి చెప్పు గూడా లేదే. తల్లి యాడ చచ్చింది?"

మైకు ఆపలేదని ఎవరూ గమనించలేదు. వరదరాజులు ఫోన్లలో మునిగి ఉన్నాడు. భాగ్యం అక్క తన మానాన తను మాట్లాడుకుంటూ పోయింది. ఆ పిల్ల నేలలోని గుడిలాంటి చోటికి దిగింది. అక్కడ కొండంత ఇనుప మనిషి పడుకుని ఉన్నాడు. పిల్ల మెడలోని రాయి మెరిసింది, ఇనుప మనిషి కళ్లు తెరిచాడు, ఛాతీ తలుపులా తెరుచుకుంది, పిల్ల లోపలికెళ్లి కూర్చుంది. "ఆ, ఇప్పుడు సరి. తోడు దొరికినాడు," అని భాగ్యం అక్క నిట్టూర్చింది. మరణవార్త నిట్టూర్పు కాదది, వేరే రకం.

క్యాసెట్ అయిపోయాక ఫోన్ మోగింది. వరదరాజులు తిట్లకు సిద్ధపడి ఎత్తాడు. అవతల ఎవరో ముసలమ్మ, "ఆ బిడ్డకు వాళ్లమ్మ దొరుకుతదా?" అని అడిగింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. అందరిదీ అదే ప్రశ్న.

ఫ్రెంచి మాటలకు అర్థం చెప్పించాలని వరదరాజులు మా ఆయన్ని పిలిచాడు. మా ఆయన రామభద్రరావు యానాంలో పుట్టాడు గనక ఫ్రెంచి తన రక్తంలోనే ఉందని వచ్చిన కొత్తలో వీధంతా చెప్పుకున్నాడు. టీవీకి చెవి ఆనించి కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. "ఆ అమ్మాయి ఎవరికో శుభ సాయంత్రం చెబుతోంది," అన్నాడు. బొమ్మలో అప్పుడు ఊరు తగలబడుతోంది. ఆ రోజు నుంచి ఆయన రక్తంలో ఏముందో నేను అడగలేదు.

అలా ఆ పని భాగ్యం అక్క మీద పడింది. ఫ్రెంచి మాటల్ని సన్నగా తగ్గించేసి, మైకు దగ్గరకు జరుపుకుని, తెరమీద ఏం కనపడితే దానికి తనే కథ చెప్పేది. ముందుగా చూసుకోమంటే ఒప్పుకునేది కాదు. "ముందే చూస్తే నాకు ఏడుపు ఎట్లా వస్తది? జనంతోపాటే చూస్తా, జనంతోపాటే ఏడుస్తా." వరదరాజులుకూ అదే సుఖం, క్యాసెట్ మార్చడం తప్ప ఇంకే పనీ పెట్టుకునే రకం కాదు. మైకులో ఆవిడ మాట్లాడేది ముప్పాతిక తమిళం, మిగతాది ఇంటి తెలుగు. మీకోసం నేను అంతా తెలుగులోనే రాస్తున్నాను.

ఆవిడ చెప్పిన ప్రకారం కథ ఇదీ. ఒకప్పుడు లోకంలో అన్నీ ఉండేవి. సినిమాహాళ్లు, ఐస్‌క్రీములు, మున్సిపాలిటీ నీళ్లు. మనుషులు కొట్టుకుని అన్నీ తగలబెట్టుకున్నారు. ఆకాశం నుంచి బూడిద కురిసి లోకంలో రంగంతా పోయింది. అందుకే బొమ్మ నలుపూ తెలుపులో ఉంది. రంగు ఏదని ఫోన్ చేసిన ఒక పెద్దమనిషికి ఈ జవాబు చెప్పి, "మీ టీవీ బాగానే ఉండాది, లోకమే చెడిపోయింది" అని కూడా చేర్చింది. పిల్ల పేరు మరగతం. తమిళంలో మరగతమంటే పచ్చ. ఆ పిల్ల మెడలో రాయి పచ్చగా ఉందని ఆవిడకు ఎవరు చెప్పారో తెలియదు, ఉప్పళంలో మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. ఇనుప మనిషి పేరు ఇరుంబయ్య. ఇరుంబు అంటే ఇనుము, గౌరవానికి అయ్య. ఎత్తు కాలరు చొక్కా వేసుకుని ఆకాశంలో ఓడమీద తిరుగుతూ, జనానికి నీళ్లూ తిండీ దక్కకుండా దాచే మాంత్రికుడొకడు ఉన్నాడు. వాడికి "రేషన్ కడ రాజా" అని పేరు పెట్టింది. కడ అంటే ఇక్కడ కొట్టు. ఆ వారం మా వీధి రేషన్ కొట్టులో పామాయిలు సరిగ్గా కొలిచి పోశారు.

పిల్లలకంటే పెద్దవాళ్లకే పిచ్చి ఎక్కువైంది. ఆరింటికి చావులు, ఆరుంపావుకు ఇరుంబయ్య. పాల బూత్ దగ్గర భాగ్యం అక్క గొంతు విని వెనక్కి తిరిగిన ముసలాయన ఈసారి గుండె పట్టుకోలేదు. "ఇవాళ ఇరుంబయ్య గెలుస్తాడా అమ్మా?" అని అడిగాడు. ఆ మాట ఆవిడ నాకు ఇంటికొచ్చి నాలుగుసార్లు చెప్పింది.

ఇంతలో ఆడి నెల, అంటే మన ఆషాఢం, వచ్చింది. ఆడిలో కొత్త పెళ్లికూతుర్ని పుట్టింటికి తెచ్చుకోవడం ఇక్కడి ఆచారం. సుగంధి వచ్చింది. భాగ్యం అక్క ఆ పొద్దు తెల్లారే మురుకులు వండి డబ్బాలో పోసి గుమ్మానికి ఎదురుగా పెట్టుకుంది. నెల సగానికి వచ్చినా డబ్బా మూత తియ్యలేదు. మీనాంబాళ్ కూతుర్ని గడప దాటనివ్వలేదు. ఆరు కాగానే టీవీ కూడా ఆపేసేది, కొత్త పెళ్లికూతురు చావు గొంతు వినకూడదని. ఆమె తెలివి చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన టీవీ ఒక్కటి ఆపితే ఏమవుతుంది, చుట్టూ ఉన్న ఇళ్లన్నిటి కిటికీల్లోంచి భాగ్యం అక్క గొంతే వచ్చేది. ఆ విషయం భాగ్యం అక్కకూ తెలుసు. అందుకే ఆ రోజుల్లో మామూలు కంటే కాస్త గట్టిగా చెప్పేది, మీనాంబాళ్ గోడవైపు తిరిగి.

చివరి క్యాసెట్‌కు ముందుది చూసి ఉప్పళం వణికిపోయింది. ఇరుంబయ్య ఒక చెయ్యి ఊడి, గుండె దగ్గర పొగలు కక్కుతూ ఇసుకలో పడిపోయాడు. మరగతం అతని వేలు పట్టుకుని ఏడుస్తోంది. పైన రేషన్ కడ రాజా ఓడ దిగుతోంది. అక్కడితో క్యాసెట్ అయిపోయింది. ఆ రాత్రి ఎంతమంది ఇళ్లలో పొయ్యి వెలగలేదో నాకు తెలియదు, మా ఇంట్లో మాత్రం వెలగలేదు. మర్నాడు శుక్రవారం, వీరాంపట్టినంలో అమ్మవారి తేరు. ఊరు ఊరంతా అటే పోతుంది గనక ముగింపు శనివారం అని వరదరాజులు ప్రకటించాడు. తేరు తాడు పట్టుకుని ఇరుంబయ్య బతకాలని మొక్కుకున్నవాళ్లు కూడా ఉన్నారని విన్నాను. అమ్మవారు ఏమనుకుందో మరి.

శనివారం సాయంత్రం నేనూ కేబుల్ గదిలోనే కూర్చున్నాను. భాగ్యం అక్క మరణవార్త చదివింది, ఆ రోజు ఒక్కటే. గొంతు సవరించుకుని మైకు దగ్గరకు జరిగింది. వరదరాజులు చివరి క్యాసెట్ తోశాడు. నలుపూ తెలుపులో ఇరుంబయ్య వేలు, మరగతం కన్నీళ్లు, కిందికి దిగుతున్న ఓడ.

"ఇరుంబయ్యా, కళ్లు తెరువయ్యా," అంది భాగ్యం అక్క.

తెర ఒక్కసారి గిలగిల కొట్టుకుంది. ఆ వెంటనే రంగు వచ్చింది. ఎర్రటి బంతిపూలు, పచ్చటి అరటి చెట్లు, నాదస్వరం. గుండె ఆకారంలో చెమ్కీ చట్రం, అందులో పట్టుచీరలో తల వంచుకున్న సుగంధి.

వరదరాజులు మొహంలో నెత్తురు చుక్క లేదు. "కాపీకి కాళీ క్యాసెట్ లేకపోతే, ఆ మూటలోది ఒకటి తీసి..." అని గొణుగుతూ ప్లేయరు మీదికి చెయ్యి చాపాడు. ఫ్రెంచి క్యాసెట్ కదా, ఎవరు చూడొచ్చారని సుగంధి పెళ్లి దానిమీద ఎక్కించి మళ్లీ మూటలోనే పడేశాడు మహానుభావుడు.

భాగ్యం అక్క అతని మణికట్టు పట్టుకుని ఆపింది. కళ్లు తెరమీదే ఉన్నాయి. ముహూర్తానికి ఆవిడను రావద్దన్న పెళ్లి అది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. ఆవిడకు రాలేదు. 

"చూసినారా," అంది చివరికి. "రంగు వచ్చేసింది. బూడిదంతా కడుక్కుని పోయింది. లోకం బాగుపడింది, మన మరగతానికి పెండ్లి."

వీధిలోంచి పెద్ద కేక వినపడింది. నేను కిటికీలోంచి చూశాను. ఎవరూ టీవీ ఆపలేదు. సుగంధి మొహం వీధిలో అందరికీ తెలుసు, ఆ పెళ్లి భోజనం అందరూ తిన్నారు. అయినా అది మరగతం పెళ్లే అని భాగ్యం అక్క అంటే కాదనేవాడెవడు? కానీ ఫోన్ మోగింది. "ఇరుంబయ్య యాడ?" అని ఎవరో అరిచారు.

"వస్తా ఉండాను, తొందర పడొద్దు," అంది భాగ్యం అక్క. తెరమీద వంటశాల వచ్చింది. "యుద్ధం అయిపోయినాక అంత ఇనుముకి ఏం పని? ఇరుంబయ్యే అడిగినాడు, నన్ను పంచుకోండి అని. ఆ పెద్ద అండా చూడండి, సాంబారు కాగతా ఉండాది. అది ఆయన పొట్ట. ఆ గంటెలు ఆయన చేతులు. మీరంతా కూర్చున్నారే మడత కుర్చీలు, అవి ఆయన వేళ్లు. ఇరుంబయ్య చావలా. మీకు అన్నం పెడతా ఉండాడు."

చావు వార్తలు చదివే గొంతు ఒకడు చావలేదని చెప్పడం ఉప్పళం అప్పుడే మొదటిసారి వింది. ఫోన్ చేసినాయన పెట్టేశాడు. ముక్కు చీదుకున్న చప్పుడు మాత్రం వినపడిందని వరదరాజులు తర్వాత చెప్పాడు.

పెళ్లికొడుకు గణేశన్ పినతండ్రి ఒకాయన పంక్తిలో కూర్చుని జాంగ్రీలు తింటూ, మధ్యమధ్యలో ఒకటి తువ్వాల్లో దాస్తున్నాడు. "రేషన్ కడ రాజా," అంది భాగ్యం అక్క. "ఓడిపోయినాక ఆకలి పుట్టింది. తిననీండి. అంత తిన్నాక ఇంక మీదికి ఎగరలేడులే."

తర్వాత మీనాంబాళ్ వచ్చింది తెరమీదికి. నిలువెల్లా నగలు, ఒక చేత్తో ఎవరినో గదమాయిస్తూ ఇంకో చేత్తో కళ్లు ఒత్తుకుంటోంది. నేను కుర్చీ అంచుకు జరిగాను. కడుపులో పెట్టుకున్నదంతా కక్కేయడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు, ఊరంతా వింటోంది. భాగ్యం అక్క మైకు దగ్గరకు జరిగింది.

"ఈమె పెద్ద రాణి. మరగతానికి అమ్మ. బిడ్డకు వాళ్లమ్మ దొరుకుతదా అని అడిగినారు గదా, దొరికింది. బూడిద కాలంలో బిడ్డని దాచి దాచి పెంచింది. గాలి తగిలితే భయం, గొంతు వినపడితే భయం. ఆ కాలంలో బతికినోళ్లకి భయం ఉంటది. దాన్ని తప్పనకూడదు."

నేనైతే అనేదాన్నే.

బొమ్మ ముహూర్తానికి వచ్చింది. పెళ్లికొడుకు తాళి పట్టుకుని లేచాడు. గట్టిమేళం మొదలైంది. భాగ్యం అక్క మైకు ముందు నుంచి కాస్త వెనక్కి జరిగి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్క మాట లేదు. తెరమీద తాళి కట్టేస్తున్నారు, అక్షింతలు పడుతున్నాయి. ఉప్పళంలో ప్రతి టీవీలోనూ మేళం ఒక్కటే మోగుతోంది. తన గొంతు ఆ క్షణం మీద పడకూడదని ఆవిడ కూడా నమ్మిందని నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ జనం అన్నదాన్ని తనే అందరికంటే గట్టిగా నమ్మింది. నాకు అందరి మీదా కోపం వచ్చింది, ఆవిడ మీద కూడా.

డాబా మెట్ల మీద దబదబ అడుగుల చప్పుడైంది. సుగంధి. సగం అల్లిన జడ, చేతిలో దువ్వెన. గదిలోకి వచ్చి భాగ్యం అక్క ముందు నేలమీద కూర్చుంది.

"అత్తా, ఏం నిలిపేస్తివి? చెప్పు."

"మైకు ఉండాదే. మెల్లిగా."

"ఉంటే ఉండనీ. ఏం నిలిపేస్తివి?"

"అది నేను చెప్పే తావు కాదమ్మా. నా నోట పడకూడదు. చావులు చదివే నోరు ఇది."

"ఈ నోరు కథ చెప్పకుండా ఒక్క ముద్దన్నా మింగినానా నేను?" అంది సుగంధి. "ఆ పొద్దు మణ పీట మీద కూర్చుని నిన్నే వెతికినా. తల ఎత్తితే చాలు, అమ్మ గిల్లతా ఉండె. వరదా మావా, వెనక్కి తిప్పు. తాళి కట్టే కాడికి తిప్పు."

వరదరాజులు సరేనన్నాడు. క్యాసెట్ ఆపి తిప్పాలని అతని బుర్రకు తట్టలేదు. బొమ్మ నడుస్తుండగానే వెనక్కి తిప్పే మీట నొక్కాడు. ఉప్పళం మొత్తం కళ్లప్పగించి చూస్తుండగా అక్షింతలు పెళ్లివారి తలల మీంచి లేచి జనం చేతుల్లోకి ఎగిరిపోయాయి. ఆడబిడ్డ ఒక ముడి విప్పింది, పెళ్లికొడుకు వంగి మిగతా రెండూ విప్పి, సుగంధి మెడలోంచి తాళి తీసేసుకుని వెళ్లి పీటమీద కూర్చున్నాడు.

మేళం కూడా ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో పక్కింటి డాబా మీంచి మీనాంబాళ్ గొంతు లేచింది. ఆరింటికి టీవీ ఆపేసే మీనాంబాళ్. "ఒరే వరదా, కట్టించరా. మళ్లా కట్టించరా నాయనా. అక్కా, చెప్పక్కా, నీకు పున్నెం ఉంటది, తొందరగా చెప్పు."

అదంతా మైకులోంచి అందరికీ వినపడింది. వరదరాజులు మీట నొక్కాడు. మేళం మళ్లీ మొదలైంది. సుగంధి భాగ్యం అక్క నోటికి అడ్డంగా ఉన్న కొంగు లాగేసి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

"లేచినాడు," అంది భాగ్యం అక్క. గొంతు వణికింది, ప్రతి సాయంత్రం వణికే వణుకే. దాన్ని మార్చే ప్రయత్నం కూడా ఆవిడ చెయ్యలేదు. "తాళి ఎత్తి అందరికీ చూపిస్తా ఉండాడు. వంగినాడు. ఒక ముడి. రెండో ముడి. మూడోది ఆడబిడ్డ వేస్తా ఉండాది, గట్టిగా వెయ్యమ్మా. ఆ, అయిపోయింది. కట్టేసినారు."

తర్వాత మాట మైకుకు చెప్పింది కాదు, సుగంధికి.

"చూసినా తల్లీ. నేను గూడా చూసినా."

మా పేటలో షామియానా కొట్టువాడు ఈ రోజుకీ మడత కుర్చీలను ఇరుంబయ్యలనే లెక్క రాస్తాడు. ఆదివారం మీనాంబాళ్ మా వైపు వచ్చి గుమ్మంలో నిలబడింది. పెళ్లి వీడియో ఊరందరికీ చూపించినందుకు వరదరాజులును చెడామడా తిట్టి, తిట్టడం అయిపోయాక భాగ్యం అక్కను కాఫీ అడిగి తాగి వెళ్లింది.

ఆ సాయంత్రం ఆరింటికి ఎప్పటిలాగే మరణవార్తలు. ఎవరో రిటైరైన పోస్టుమాస్టరుగారు శివలోకం చేరుకున్నారు. భాగ్యం అక్క వణుకుతూ చదివింది, చివర్లో నిట్టూర్చబోయింది. అప్పుడు ఆవిడ పక్క నుంచి డబ్బా మూత తీసిన చప్పుడు, వెంటనే మురుకు నమిలే చప్పుడు ఉప్పళమంతా వినపడింది.